మొదటిసారి దొరికిన కుర్రాడి కేసు నీ చేతికొస్తే

చిరంజీవి మేనకోడలికి, మావయ్య ఆశీస్సులు.

పేదల కేసులు ఉచితంగా వాదించే విశాఖ న్యాయసేవాధికార సంస్థ లాయర్ల ప్యానెల్లో నీ పేరు వచ్చిందని మీ అమ్మ చెప్పింది. చాలా సంతోషం తల్లీ. ఎక్కువమందిని లోపలేస్తే నేరాలు తగ్గవా అని అడిగావట. అమెరికా ఆ పని చేసి చూసింది. 1970ల నుంచి నలభై ఏళ్లలో జనాభాలో ఖైదీల నిష్పత్తి అక్కడ నాలుగింతలు దాటింది. 2014లో వాళ్ల నేషనల్ రీసెర్చ్ కౌన్సిల్ అధ్యయనాలన్నీ తిరగేసి, దానివల్ల నేరాలు తగ్గినా ఆ తగ్గుదల పెద్దదై ఉండకపోవచ్చని చెప్పింది. శిక్ష ఎన్నేళ్లు పడుతుందోనన్న లెక్కకన్నా, దొరికిపోతామన్న భయమే మనిషిని ఆపుతుంది.

హంతకుడికి జైలు ఉండాల్సిందే. కానీ సెల్‌ఫోన్ కొట్టేసిన అరిలోవ కుర్రాడు సెంట్రల్ జైల్లో ఆర్నెల్లు పాత నేరస్థుల పక్కన పడుకుంటే, వచ్చేసరికి పని పోతుంది, స్నేహాలు మారిపోతాయి. అది తలుచుకుంటే నాకు కడుపు మండుతుంది.

అందుకే ముందు సొత్తు విలువ చూడు. మొదటి నేరమై, 5,000 రూపాయల లోపుదై, సొమ్ము తిరిగి ఇచ్చేస్తే, ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత 303(2) కింద శిక్ష సమాజసేవే. విలువ దాటితే, జైలుకి బదులు మంచి నడవడి హామీ మీద వదిలే 1958 నాటి ప్రొబేషన్ చట్టం ఉంది. 21 ఏళ్లు నిండనివాడైతే ఆరో సెక్షన్ చూపించు; జైలుకి పంపాలంటే కోర్టు కారణాలు రాయాలి. నోరు తెరిచి అడుగు. గంజాయి మూటలు మోసినవాడికి, 18 నిండితే, ఆ దారి లేదు. గంజాయికి బానిసై, తాగి దొరికినవాణ్ని మాత్రం మాదకద్రవ్యాల (ఎన్‌డీపీఎస్) చట్టం 39వ సెక్షన్ కింద చికిత్సకు పంపమనొచ్చు.

బెయిలొచ్చిందని కేసు కట్ట పక్కన పెట్టేయకు. చింతపల్లి అవతలి గూడెం నుంచి వచ్చిన తల్లి, ప్లాస్టిక్ కవర్లో ఆధార్ కార్డు పట్టుకుని, జామీనుకి మనిషి దొరక్క కోర్టు వరండాలోనే కూర్చుంటుంది. కొడుకు లోపలే ఉంటాడు. బెయిలొచ్చిన ఏడు రోజుల్లో విడుదల కాకపోతే జైలు సూపరింటెండెంట్ మీ న్యాయసేవాధికార సంస్థ కార్యదర్శికి తెలపాలని, నెలలో జామీను పెట్టలేకపోతే కోర్టు షరతులు సడలించే ఆలోచన చేయొచ్చని 2023 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. ఎవరో తెలుపుతారని చూడకు, ఏడో రోజున నువ్వే జైలుకి ఫోన్ చెయ్యి.

ములాఖత్‌కి వెళ్తే రిమాండ్ తేదీ రాసుకో. సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత 479 ప్రకారం, మరణశిక్ష, యావజ్జీవం పడే కేసు కాకపోతే, ముందెప్పుడూ ఏ నేరంలోనూ శిక్ష పడనివాడు ఆ నేరానికి గరిష్ఠ శిక్షలో మూడోవంతు విచారణ ఖైదీగా గడిపాక బాండు మీద వదలాలి. దరఖాస్తు పెట్టాల్సింది సూపరింటెండెంటే, అయినా లెక్క నీ దగ్గర ఉండాలి. ఇంకో కేసు పెండింగులో ఉంటే ఈ వీలు ఉండదు, ఆ సంగతి మొదటి రోజే కనుక్కో.