మాస్కో చెప్తేనే తెలంగాణ పోరాటం ఆగిందా?

ప్రశ్న: మా తాతయ్య సాయుధ పోరాటంలో దళానికి అన్నం మోసినవాడు. అదంతా రష్యా వాళ్లు నడిపించిందేనని మా కాలేజీలో ఒక సార్ అన్నారు. నిజమేనా?
- ఒక పాఠకురాలు, సూర్యాపేట

జవాబు: కాదమ్మా. పోరాటం పుట్టింది ఇక్కడే, వెట్టిచాకిరీ నుంచి, దొర గడీ నుంచి, లెవీ పేరుతో బలవంతంగా ధాన్యం వసూలు చేయడం నుంచి. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ తన కౌలు భూమిలో పంట దొరకి దక్కనివ్వనని నిలబడింది, 1946 జులై 4న కడవెండిలో దొర మనుషుల తుపాకీకి దొడ్డి కొమరయ్య బలయ్యాడు, వీటికి మాస్కో నుంచి ఎవరూ ఉత్తరం రాయక్కర్లేదు కదా.

కానీ సార్ మాటలో కొంత నిజం లేకపోలేదు, ఎలా పోరాడాలి, ఎప్పటిదాకా అనే దగ్గర బయటి మాట గట్టిగా పనిచేసింది. పోరాటం నడిపిన కమ్యూనిస్టు పార్టీ ఆంధ్ర కమిటీ 1948లోనే చైనా దారి, అంటే మావో నడిపిన పల్లెల్లోని రైతుల గెరిల్లా పోరు, మనకి సరిపోతుందంది, పైనున్న పార్టీ ప్రధాన కార్యదర్శి రణదివే ఒప్పుకోలేదు, పైగా మావోనే విమర్శించాడు. 1950 జనవరిలో సోవియట్ పెద్దరికంలోని కమ్యూనిస్టు పార్టీల వేదిక కొమిన్‌ఫామ్ పత్రిక చైనా దారిని మెచ్చుకుంటూ రాసేసరికి కొన్ని నెలల్లోనే రణదివే పదవి పోయి చండ్ర రాజేశ్వరరావు గారు ప్రధాన కార్యదర్శి అయ్యారు. అడవిలో ఉన్నవాళ్లు ఏళ్ల తరబడి చెప్తున్నది ఒక విదేశీ పత్రిక రాశాకే చెల్లిందన్నమాట, ఇది నాకు చాలా బాధ కలిగించే విషయం.

తర్వాత 1951 మొదట్లో రాజేశ్వరరావు, మాకినేని బసవపున్నయ్య, డాంగే, అజయ్ ఘోష్ అనే నలుగురు పార్టీ నాయకులు రహస్యంగా మాస్కో వెళ్లి స్టాలిన్‌ని కలిశారు. ఆయన చెప్పింది ఏంటంటే, చైనా గెరిల్లాలకి వెనక సోవియట్ దన్నుంది, మీకు అలాంటి వెన్నుదన్ను లేదు, పైగా మీ దేశంలో రైలు మార్గాలు ఎక్కువ, అవి గెరిల్లాలకి ప్రమాదం అని. ఆ ఏడాది అక్టోబర్‌లో పోరాటం విరమించారు. అయితే అప్పటికే 1948 సెప్టెంబర్‌లో నిజాం లొంగిపోయి ఎదురుగా భారత సైన్యం ఉంది, దళాలు అడవుల్లోకి నెట్టబడ్డాయి, మద్దతు తగ్గింది, కాబట్టి స్టాలిన్ చెప్పకపోయినా ఎక్కువ కాలం సాగేది కాదనే నా అభిప్రాయం. మీ తాతయ్య మోసిన అన్నం మాత్రం ఎవరో మోయమంటే మోసింది కాదు.

ప్రశ్న: 1955 ఆంధ్ర ఎన్నికల్లో కమ్యూనిస్టులని ముంచింది ప్రావ్దా పత్రికేనా?
- ఒక పాఠకుడు, గుడివాడ

జవాబు: సగం కూడా కాదండీ, కానీ దెబ్బ మాత్రం గట్టిదే. పోలింగ్ దగ్గర పడుతుంటే ఆ జనవరిలో సోవియట్ కమ్యూనిస్టు పార్టీ పత్రిక ప్రావ్దా నెహ్రూ విదేశాంగ విధానాన్ని పొగుడుతూ సంపాదకీయం రాసింది, కాంగ్రెస్ వాళ్లు దాన్నే పట్టుకుని ఊరూరా ప్రచారం చేశారు, మీ రష్యానే మా నెహ్రూని మెచ్చుకుంటుంటే మీరెందుకు తిడుతున్నారని అడిగితే కృష్ణా, గుంటూరు కార్యకర్తలు ఏం చెప్తారు చెప్పండి. అమెరికాకి దూరంగా ఉండే నెహ్రూ స్నేహం మాస్కోకి అప్పుడు అవసరం, ఆంధ్రలో ఎవరు గెలుస్తారన్నది దాని తర్వాతే.

అసలు కారణం పొత్తు. 1952లో చీలిపోయిన కాంగ్రెస్, ఎన్.జి. రంగా గారి కృషికార్ లోక్ పార్టీ, ప్రజా పార్టీ ఈసారి కలిసి నిలబడ్డాయి. కమ్యూనిస్టులకి 31 శాతం ఓట్లు పడ్డాయి, అయినా 196 సీట్లలో దక్కినవి 15.