నెమలి సంగతి తర్వాత, ముందు మామిడాకు: చేతి ఎంబ్రాయిడరీ మొదలుపెట్టే అమ్మాయికి

నువ్వడిగినవి మూడు. ఆన్‌లైన్‌లో కిట్ కొనాలా, ఏ కుట్టుతో మొదలుపెట్టాలి, ఇవన్నీ వదిలేసి ఈ సెలవుల్లో నేరుగా మగ్గం వర్క్ క్లాసులో చేరిపోవచ్చా అని. మధ్యలో ఇంకో మాట కూడా రాశావు: వీడియో చూసి నెమలి మొదలుపెడితే మెడ దాకా వచ్చి ఆగిపోయిందని. నీ చిక్కంతా ఆ నెమలితోనే వచ్చింది.

నేను నీలాగే పదమూడేళ్లప్పుడు మా మేనత్త దగ్గర నేర్చుకున్నాను. మాది నరసాపురం వైపు. అక్కడ ఆడవాళ్లు అరుగుల మీద కూర్చుని లేసు అల్లుతుంటారు. అది కొక్కెం సూదితో దారాన్నే అల్లుకుంటూ పోయే క్రోషే పని, ఎంబ్రాయిడరీ వేరు. మా అత్తకు రెండూ వచ్చు. ఇప్పుడు వేసవిలో మా వీధి పిల్లలు సూదీ దారం పట్టుకుని నా దగ్గరికి వస్తుంటారు. వేళ్లు తిరగక మానేసిన పిల్లలు నాకు పెద్దగా కనపడలేదు. పెద్ద డిజైన్ ఎత్తుకుని, అది ఎంతకీ తెమలక, విసుగొచ్చి మానేసినవాళ్లే ఎక్కువ. నెమలికి నాలుగైదు రకాల కుట్లు కావాలి, బోలెడు రంగులు కావాలి. దాన్ని మడిచి లోపల పెట్టెయ్, తర్వాత చూద్దాం.

కిట్ వద్దు. మీ ఊళ్లో మ్యాచింగ్ సెంటరో ఫ్యాన్సీ షాపో ఉంటుంది కదా, అక్కడ యాంకర్ లాంటి కంపెనీ నూలు దారం లచ్చీలు రెండు తీసుకో. ఒకటి ముదురాకుపచ్చ, రెండోది నీకు నచ్చిన రంగు. సిల్క్ దారం మెరుస్తుందని ఆశపడకు, అది జారిపోతుంది, పోగులు లేస్తాయి. చేతి ఎంబ్రాయిడరీ సూదుల ప్యాకెట్‌లో 7 లేదా 8 నంబరు చూసుకో. నంబరు పెరిగేకొద్దీ సూది సన్నబడుతుంది. బట్ట బిగించుకోవడానికి అయిదారు అంగుళాల చెక్క రింగు, మొన ఉన్న చిన్న కత్తెర ఉంటే చాలు. బట్ట కొనక్కర్లేదు, మీ ఇంట్లో పాత తెల్ల నూలు దిండు గలీబు ఉంటే అదే తీసుకో. సాగే బట్ట మాత్రం వద్దు.

లచ్చీ దారంలో ఆరు పోగులుంటాయి. ఇది చాలామంది వీడియోల్లో చెప్పరు. ఆరింటినీ కలిపి సూదిలోకి దూర్చాలని చూసి, దూరక, సూదిని తిట్టుకుంటారు. నీకు రెండు పోగులు చాలు. ముందు మూరెడు దారం కత్తిరించు, తర్వాత పోగులను ఒక్కొక్కటిగా పైకి లాగి విడదీసి, రెండిటిని మళ్లీ కలుపు. రెండూ ఒకేసారి లాగితే మిగతావి ఉండ చుట్టుకుపోతాయి. మూర అన్నాను, గుర్తుపెట్టుకో. మాటిమాటికీ దారం ఎక్కించడం బద్ధకమై పిల్లలు బారెడు తీసుకుంటారు. బారెడు దారం బట్టలోంచి అన్నిసార్లు వచ్చిపోయేసరికి అరిగి నూగు లేస్తుంది, మెలిపడి ముడులు పడుతుంది. కుడుతుండగా దారం మెలితిరుగుతున్నట్టు అనిపిస్తే సూదిని వదిలేసి కిందికి వేలాడనివ్వు, మెలి దానంతటదే విప్పుకుంటుంది.

ఇక కుట్టు. నా మాట వింటే కాడకుట్టు ఒక్కటే పట్టుకో. వీడియోల్లో దాన్ని స్టెమ్ స్టిచ్ అంటారు. గీత ఎటు పోతే అటు తిరిగే కుట్టు అది, ఆకైనా తీగైనా నీ పేరైనా దాంతోనే రాసేయవచ్చు. ఒక లేత మామిడాకు తెచ్చి, బట్ట మీద పెట్టి, చుట్టూ పెన్సిల్‌తో సన్నగా గీయి. మధ్య ఈనె గీయి. ఇదే నీ మొదటి డిజైన్, కార్బన్ పేపరు కూడా అవసరం లేదు.

కుడిచేతి వాటమైతే గీత ఎడమ చివర మొదలుపెట్టి కుడివైపుకి వెళ్లాలి. కింద నుంచి సూది పైకి తీయి. బియ్యపుగింజ పొడవున ముందుకెళ్లి గుచ్చు, అందులో సగం వెనక్కి వచ్చి సూది పైకి తేల్చు. తర్వాతి కుట్టు మళ్లీ గింజంత ముందుకి, సగం వెనక్కి. ఇలా ఒక కుట్టు పక్కన ఇంకో కుట్టు ఒరుసుకుంటూ మెలితిప్పిన తాడులా వస్తుంది. ఇక్కడ పట్టు ఒక్కటే: దారం ఎప్పుడూ సూదికి కిందివైపే, అంటే నీవైపే ఉండాలి. ఒక కుట్టుకి కిందా ఇంకో కుట్టుకి పైనా ఉంటే తాడు తెగినట్టు కనిపిస్తుంది, ఎక్కడ తప్పిందో వెతికినా దొరకదు. ఆకు మొన దగ్గర, మలుపుల దగ్గర కుట్లు ఇంకా పొట్టిగా వేయి. ఎడమచేతి వాటమైతే ఇదంతా అద్దంలో చూసినట్టు తిప్పుకో, కుడి నుంచి ఎడమకి.

మామిడాకు కుదిరాక తమలపాకు పెట్టి గీయి. దాని ఈనెలన్నీ తొడిమ దగ్గర మొదలై వంపు తిరుగుతూ మొన వైపు వెళ్తాయి. వంపులు నేర్చుకోవడానికి అంతకంటే మంచి డిజైన్ ఏ పుస్తకంలోనూ ఉండదని నా అభిప్రాయం. ఆ ఆకుల్లో ఒకటి చేతిరుమాలు మూలన కుట్టి, ఆ రుమాలు వాడు. చూపించడానికి దాచుకోకు.

ఒకే కుట్టుతో ఏం వస్తుందిలే అనుకోకు. బెంగాల్ కాంతా పని చూడు. పాత చీరలు పొరలుగా పరిచి కుట్టే ఆ బొంతల్లో చాలావరకు ఉండేది మనం గుడ్డ టాకా వేయడానికి వాడే రన్నింగ్ స్టిచ్చే. లక్నో చికన్ బట్టల్లో పూరేకు లోపల లేతగా నీడ పడినట్టు కనిపించేది కూడా బట్ట వెనకవైపు నుంచి వేసిన హెరింగ్‌బోన్ కుట్టే, అంటే దారాలు ఏటవాలుగా ఒకదాన్నొకటి దాటే కుట్టు.

కాడకుట్టు తర్వాత గొలుసుకుట్టు, అంటే ఒక దారపు ఉచ్చులోంచి ఇంకో ఉచ్చు తీస్తూ పోయేది. దాంట్లోంచే లేజీ డైజీ. గొలుసులో ఒక్క లింకు వేసి చివర చిన్న కుట్టుతో బంధిస్తే ఒక రేకు అయినట్టే. అలాంటివి అయిదు వేస్తే పువ్వు. నడిమధ్య ముడికుట్టు వేసేటప్పుడు సూదికి దారం రెండు చుట్లు చుట్టి, ఎడమచేత్తో దారం బిగపట్టి, పైకి వచ్చిన రంధ్రంలో కాకుండా దాని పక్కనే గుచ్చు. అదే రంధ్రంలో గుచ్చితే ముడి అడుగుకి జారిపోతుంది. ఆకారం లోపలంతా దారాలు పక్కపక్కనే పరిచి నింపే శాటిన్ కుట్టు చూడటానికి సులువు, అంచులు సమంగా రావడం చాలా కష్టం, దాన్ని ఆఖరికి ఉంచు.

రింగులో బట్ట వేలితో మీటితే చప్పుడు వచ్చేంత బిగువుగా ఉండాలి. పని ఆపినప్పుడల్లా రింగు తీసేయి, లేకపోతే గుండ్రటి మచ్చ పడి ఉతికినా ఓ పట్టాన పోదు. కుట్టు తప్పితే దారం గుంజకు, వెనకవైపు నుంచి కత్తెరతో తెంపి తీయి. ఎరుపు, మెరూన్ దారాలు వాడేముందు చిన్న ముక్క తడిపి తెల్లగుడ్డ మీద నొక్కి చూడు, రంగు దిగుతుందేమో తెలుస్తుంది. పగటి వెలుతురులో, వాకిలి దగ్గర కూర్చో. మంచం మీద కూర్చుని కుట్టడం మాత్రం నేను ఒప్పుకోను. పరుపులో పోయిన సూది కోసం ఇల్లంతా తలకిందులైపోతుంది.

మగ్గం సంగతి. నేర్చుకోవద్దనడం లేదు. కానీ అక్కడ బట్టను పెద్ద చట్రానికి బిగించి, పైన కొక్కెం సూది, అడుగున రెండో చేత్తో దారం పట్టుకుని కుట్టాలి. చట్రం, పూసలు, జరీ అని ఖర్చు మొదలవుతుంది, ఇంట్లో చోటూ కావాలి. ఆ కొక్కెంతో మొదట నేర్పేదీ గొలుసుకుట్టే. మామూలు సూదితో గొలుసు సమంగా వేయడం వస్తే అప్పుడు క్లాసుకి వెళ్లు, ఫీజుకి న్యాయం జరుగుతుంది. మీ అమ్మగారు సర్టిఫికెట్ గురించి అడిగితే చెప్పు: మన రెండు రాష్ట్రాల్లోనూ ప్రభుత్వ పరీక్షల విభాగం పెట్టే టెక్నికల్ సర్టిఫికెట్ పరీక్షల్లో టైలరింగ్, ఎంబ్రాయిడరీకి లోయర్, హయ్యర్ గ్రేడులున్నాయి. దానికి ఇప్పుడే తొందర లేదు.

మామిడాకు కుట్టాక ఎక్కడైనా చిక్కొస్తే ఫొటో పెట్టు, బట్ట వెనకవైపుది. మా అత్త కూడా నా గుడ్డ తీసుకోగానే తిరగేసి చూసేది. దారం ఎక్కడ దాటేసిందో, ఎక్కడ ముడిపడిందో అక్కడే తెలుస్తుంది.