అరికాలిలో నల్ల మచ్చ పెరుగుతుంటే డాక్టరుకు ఏమి చెప్పాలి?

నొప్పి లేకపోయినా వెంటనే చర్మవ్యాధుల డాక్టరుకు చూపించి, "ఇది క్యాన్సర్ కావచ్చా?" అని సూటిగా అడగాలి.

మన చర్మంలోని మెలనిన్ అనే రంగు పదార్థం ఎండ నుంచి చాలావరకు కాపాడుతుంది కాబట్టి మనలో చర్మ క్యాన్సర్ తక్కువే. కానీ మెలనోమా అనే ప్రమాదకరమైన రకం నల్లని, చామనచాయ చర్మం ఉన్నవారిలో ఎండ అంతగా తగలని అరికాలు, అరచేయి, గోటి కింద ఎక్కువగా వస్తుంది. మొదట్లో నొప్పి ఉండదు. అదే మోసం చేస్తుంది.

కోనసీమలో ఊడ్పులకు దిగే రైతు మడమ మీద మినపగింజంత మచ్చ ఉందనుకుందాం. ముల్లు గుచ్చుకుని రక్తం కమిలితే అది కొన్ని వారాల్లో తగ్గిపోతుంది. తగ్గకుండా శనగగింజంత అయి, అంచులు వంకరపోయి, ఒకచోట నలుపు, మరోచోట గోధుమరంగు కనిపిస్తే అనుమానించాల్సిందే. ఎప్పుడు మొదలైంది, ఎంత పెరిగింది, రక్తం కారిందా అన్నవి డాక్టరుకు చెప్పాలి. ఫోనులో పాత ఫోటో ఉంటే ఇంకా మంచిది. మచ్చకు పసుపు పూసుకుని వెళ్లకండి, రంగు తెలియదు. గోటిలో నల్ల గీత ఉంటే గోరింటాకు కూడా వద్దు.

"ముక్క తీస్తే క్యాన్సర్ పాకుతుంది" అని చాలామంది బయాప్సీకి, అంటే మచ్చ నుంచి ముక్క తీసి చేసే పరీక్షకు, భయపడతారు. అది నిజం కాదు. బయాప్సీ వల్ల క్యాన్సర్ పాకదు, అది లేకుండా జబ్బును నిర్ధారించలేరు. పైపొరలో ఉండగానే కోసి తీసేస్తే చాలామందికి పూర్తిగా నయమవుతుంది.