ట్రైసూట్ కొనేముందు పరుగు గురించి ఆలోచించండి

ఈ నెల ఉత్తరాల్లో ట్రైసూట్ గురించి అడిగినవాళ్ళే ఎక్కువ. ట్రయథ్లాన్ రేసులో వరసగా చేసే ఈత, సైకిల్, పరుగు మూడింటికీ ఒంటి మీద ఉండే ఆ ఒక్క బట్ట గురించే ఈసారి పేజీ మొత్తం.

ప్రశ్న: మేడమ్, నేను బ్యాంకు ఉద్యోగిని, వయసు 38. గోవాలో హాఫ్ డిస్టెన్స్ పూర్తి చేశాను. అప్పుడు వేసుకున్నది చేతుల్లేని సూట్. భుజాలు కమిలిపోయాయి. పరుగు మొదలయ్యేసరికి తొడల మధ్య చర్మం ఒరుసుకుపోయి ఒకటే మంట. వచ్చే ఏడాది ఫుల్ డిస్టెన్స్‌కు పేరిచ్చాను. చేతులున్న సూట్ తీసుకోమని ఒకరు, చేతులుంటే ఉక్క అని ఇంకొకరు, అసలు సూటే వద్దు, సైకిల్‌కు ఒకటి, పరుగుకు ఒకటి నిక్కర్లు మార్చుకో అని మరొకరు అంటున్నారు. ఎవరి మాట వినాలి?
— ఒక పాఠకుడు, తిరుపతి

జవాబు: తమ్ముడూ, ముందు లెక్క చూసుకో. ఫుల్ డిస్టెన్స్ అంటే 3.8 కిలోమీటర్ల ఈత, 180 కిలోమీటర్ల సైకిల్, 42.2 కిలోమీటర్ల పరుగు. హాఫ్‌లో నువ్వు చేసినదానికి రెట్టింపు. సైకిల్ మీద గంటకు సగటున 25 కిలోమీటర్లు పోయినా ఆ ఒక్కదానికే 7 గంటల 12 నిమిషాలు. నీళ్ళల్లో గంటన్నర ఉంటావేమో. మిగతా రోజంతా ఎండలో, చెమటలో, ఉప్పులో ఆ బట్టతోనే గడపాలి. అమ్మేవాళ్ళు ఈతలో ఎంత జారుతుంది, సైకిల్ మీద గాలిని ఎలా కోస్తుంది అని చెబుతారు. అవి అబద్ధాలని నేననను. కానీ నా దగ్గర శిక్షణ తీసుకునే ప్రతి ఒక్కరికీ నేను చెప్పేది ఒకటే: పరుగులో ముప్పయ్యో కిలోమీటరు దగ్గర ఆ బట్ట ఎలా ఉంటుందో దాన్ని బట్టి కొను.

అలా చూస్తే చేతులున్నదే నీకు మంచిది. సన్‌స్క్రీన్ ఎంత పూసుకున్నా ఈతలో కొంత, చెమటలో కొంత పోతుంది. సైకిల్ మీద వంగి కూర్చుంటే ఎండ నేరుగా పడేది భుజాల మీద, వీపు మీదే. యూపీఎఫ్ 50 అని రాసున్న బట్ట అయితే అతినీలలోహిత కిరణాల్లో యాభైలో ఒక వంతే లోపలికి పోతుంది. అది మధ్యలో కారిపోయేది కాదు. చేయి పొడవు మాత్రం మోచేతికి పైనే ఆగాలి. వెట్‌సూట్, అంటే చలి నీళ్ళ కోసం వేసే రబ్బరు సూట్, లేకుండా ఈదే రేసుల్లో మోచేయి దాటి, మోకాలు దాటి కప్పే సూట్లను ఈ రేసులు నడిపే ఐరన్‌మ్యాన్ సంస్థ నిబంధనలు ఒప్పుకోవు.

ఉక్క సంగతి చేతుల వల్ల వచ్చేది కాదు, బట్ట మందం వల్ల వచ్చేది. పల్చటి బట్ట తడిస్తే అదే చల్లబరుస్తుంది. మన దగ్గర ఏప్రిల్‌లో పొడిగాలి కాబట్టి తడి చొక్కాతో సైకిల్ తొక్కితే హాయిగా ఉంటుంది. సముద్రం పక్కన గాలిలోనే తేమ ఉంటుంది, చెమట త్వరగా ఆరదు. అక్కడ ప్రతి నీళ్ళ స్టాల్ దగ్గరా భుజాల మీద, మెడ మీద నీళ్ళు పోసుకోవాలి. ఐస్ ఇస్తే ముందు జిప్పు కొంచెం దించి ఛాతీ దగ్గర వేసుకుని మళ్ళీ పైకి లాక్కోవాలి. అందుకే జిప్పు ముందువైపు ఉన్నదే తీసుకో. వెనక జిప్పుంటే ఈ పని కుదరదు. జిప్పు మొత్తం విప్పేసి ఛాతీ కనబడేలా పరుగెత్తకూడదు, అది కూడా గుర్తుంచుకో.

ఇప్పుడు తొడల మంట. దీనికి మూడు కారణాలుంటాయి. కాలు పొట్టిగా ఉండి చర్మం చర్మానికి తగలడం ఒకటి. సూట్‌లో కూర్చునే చోట కుట్టిన మెత్తటి ప్యాడ్ అంచు మడతపడటం రెండోది. మూడోది చాలామంది బయటికి చెప్పరు, సూట్ లోపల డ్రాయర్ వేసుకోవడం. డ్రాయర్ కుట్లు తడిసి, ఉప్పు పట్టి, రంపంలా కోస్తాయి. ట్రైసూట్ లోపల నడుము కింద ఏమీ వేసుకోకూడదు. దాని ప్యాడే లోదుస్తు. మొహమాటం వద్దు.

ట్రైసూట్ ప్యాడ్ సైకిల్ నిక్కరు ప్యాడ్‌లో సగం మందం కూడా ఉండదు. చేత్తో పట్టుకుంటే ఇంతేనా అనిపిస్తుంది. మందంగా ఉంటే ఈతలో నీళ్ళు పీల్చుకుని బరువెక్కుతుంది, పరుగులో కాళ్ళ మధ్య అడ్డొస్తుంది, అందుకే అంత పల్చన. కొనేటప్పుడు సూట్‌ను తిరగేసి లోపలి భాగం బయటికి తీయి. వేలి కొసతో ప్యాడ్ చుట్టూ, చంకల కింద, మెడ చుట్టూ కుట్ల మీద మెల్లగా నడిపించు. గోరుకు ఎక్కడ తగులుతుందో అక్కడ పది గంటల తర్వాత పుండు పడుతుంది. దారపు ముడి గట్టిగా పొడుచుకుని ఉంటే ఆ సూట్ పక్కన పెట్టెయ్యి, ఎంత తగ్గింపు ఇచ్చినా సరే.

తొడుక్కుని నిలబడి అద్దంలో చూసుకుంటే చాలదు. నిలబడినప్పుడు సరిగ్గా ఉన్న సూట్ భుజాల దగ్గర కొంచెం లాగినట్టే ఉంటుంది, భయపడొద్దు. రెండు చేతులూ పైకెత్తి ఈత కొట్టినట్టు తిప్పు. తర్వాత సైకిల్ మీద కూర్చున్నట్టు నడుము వంచు. అప్పుడు ఆ లాగుడు పోవాలి. గొంతు దగ్గర బిగిస్తే సైజు మార్చు. వంగినప్పుడు పొట్ట దగ్గర బట్ట ముడతలు పడితే పెద్దదైందన్నమాట, ఆ ముడతల్లోకే నీళ్ళు పోతాయి. కాలు చివర పట్టీ తొడను కోయకూడదు, పైకి ఎగబాకకూడదు. గుంజీళ్ళు నాలుగు తీస్తే తెలిసిపోతుంది.

జేబులు కూడా చూడు. నడుము వెనక జేబులో శక్తి కోసం తినే జెల్‌ ప్యాకెట్ గానీ పల్లీ చిక్కీ గానీ పెట్టి, చేతులు తడి చేసుకుని, వంగి తీయి. రాకపోతే సైకిల్ మీదా రాదు. జేబు అడుగున జాలీ బట్ట ఉండాలి, లేకపోతే ఈతలో నీళ్ళు నిండి వెనక్కి లాగుతుంది.

సూట్ వద్దు, మార్చుకో అన్నవాళ్ళ మాటలోనూ న్యాయముంది. ఫుల్ డిస్టెన్స్ రేసుల్లో బట్టలు మార్చుకునే గుడారాలుంటాయి. చాలా రేసుల్లో గడువు 17 గంటలు. ఆ రోజులో బట్ట మార్చడానికి ఐదు నిమిషాలు పోతే కొంప మునగదు. కాకపోతే తడి ఒంటి మీద సైకిల్ నిక్కరు ఎక్కించడం ఎంత కష్టమో ఇంట్లో స్నానం చేసి తుడుచుకోకుండా ప్రయత్నించి చూడు. నా సలహా: పల్చటి ప్యాడ్‌తో ఐదారు గంటలు కూర్చోగలవని తేలితే ఒకే సూట్. తేలకపోతే మొహమాటపడకుండా సైకిల్ నిక్కరు సంచిలో పెట్టుకో.

తేల్చుకునేది ఇలా. పొద్దున్నే పూల్‌లో ఈది, ఒళ్ళు తుడుచుకోకుండా అదే సూట్‌తో సైకిలెక్కు. శ్రీకాళహస్తి వెళ్ళి తిరిగి రా, ఓపికుంటే చంద్రగిరి వైపు ఇంకాస్త కలుపుకో. దిగీ దిగగానే యూనివర్సిటీ వైపు గంట పరుగెత్తు. ఇంటికొచ్చాక సూట్ విప్పి ఆరబెట్టి చూడు. నల్ల బట్ట మీద తెల్లటి ఉప్పు గీతలు కనబడతాయి. ఆ గీతలు ఎక్కడ చిక్కగా ఉన్నాయో, నీ ఒంటి మీద ఎర్రగా ఎక్కడ ఉందో రెండూ పోల్చుకో. రేసు రోజు వాజలైన్ పూయాల్సిన చోట్లు అవే. కొబ్బరి నూనె వద్దు. అది 24 డిగ్రీల దగ్గరే కరుగుతుంది, మన ఎండకు నీళ్ళలా కారిపోతుంది.

ప్రశ్న: అక్కా, నేను కాలేజీ లెక్చరర్‌ని. హాఫ్ డిస్టెన్స్‌కు సిద్ధమవుతున్నాను. వన్‌పీస్ సూట్ వేసుకుంటే బాత్రూమ్‌కు వెళ్ళాలన్నప్పుడు మొత్తం విప్పాలి, ఆ టెన్షన్‌తో నీళ్ళు తాగడమే తగ్గించేస్తున్నాను. పైగా ఇంట్లో అత్తగారికి ఒంటికి అతుక్కునే బట్ట అంటే ఇబ్బంది. టూపీస్ తీసుకోవచ్చా?
— ఒక పాఠకురాలు, చిత్తూరు

జవాబు: అమ్మా, నీళ్ళు తగ్గించడం మాత్రం ఈ రోజే మానెయ్యి. ఎండలో అన్ని గంటలు కష్టపడేటప్పుడు అది ప్రమాదం. బట్ట కోసం ఒంటిని కష్టపెట్టకూడదు, బట్టనే మార్చాలి.

టూపీస్ నిస్సందేహంగా తీసుకోవచ్చు. పై భాగం వేరు, నిక్కరు వేరు. పై భాగం పొడవుగా ఉండాలి, కింద సిలికాన్ పట్టీ ఉండాలి, లేకపోతే ఈతలో పైకి చుట్టుకుపోతుంది, సైకిల్ మీద నడుము బయటపడి ఆ పట్టీ మందాన కమిలిపోతుంది. నడుము పట్టీ వెడల్పుగా ఉన్న నిక్కరు చూడు. సన్నటి ఎలాస్టిక్ పొట్టను నొక్కితే తాగినవి, తిన్నవి అరగవు. వన్‌పీస్‌లోనే నడుము వెనక అడ్డంగా జిప్పు ఉండే ఆడవాళ్ళ సూట్లు కూడా వస్తున్నాయి. బాగానే ఉంటాయి, కానీ తడి వేళ్ళతో ఆ జిప్పు తీయడం, వేయడం ముందే అలవాటు చేసుకోవాలి.

సూట్‌లో కుట్టి వచ్చే లోపలి బ్రాను నమ్ముకోవద్దు. 21 కిలోమీటర్ల పరుగుకు అది చాలదు. రోజూ పరుగుకు వేసుకునే స్పోర్ట్స్ బ్రానే లోపల వేసుకో, కాటన్‌ది కాకుండా త్వరగా ఆరేది. దాని కింది పట్టీ, సూట్ కుట్టు ఒకే చోట పడకుండా చూసుకో. రేసు రోజు నెలసరి వచ్చే అవకాశముంటే కింద ముదురు రంగు తీసుకో. తెలుపు, లేత పసుపు తడిస్తే లోపలివి కనబడతాయి, వెలుతురులో పట్టుకుని నీళ్ళు చల్లి చూస్తే తెలిసిపోతుంది.

అత్తగారి విషయం. ఆవిణ్ణి ఒకసారి పొద్దున్నే పూల్ దగ్గరికి తీసుకురా, నిన్ను ఈదుతుండగా చూడనీ. సైకిల్ మీద వదులు చొక్కా గాలికి కొట్టుకుని విసిగిస్తుంది. పరుగులో మాత్రం సూట్ మీద పల్చటి టీషర్ట్ వేసుకుంటే ఎవరూ కాదనరు, నంబరు ముందుకు కనబడితే చాలు. చేతులూ కాళ్ళూ పూర్తిగా కప్పే బట్టే కావాలనుకుంటే నిర్వాహకులకు ముందే రాసి అనుమతి తీసుకో, రేసు పొద్దున అడగొద్దు.

ప్రశ్న: వెట్‌సూట్ కూడా కొనాలా సార్? చాలా ఖరీదు చెబుతున్నారు.
— ఒక విద్యార్థి, పలమనేరు

జవాబు: సార్ కాదు బాబూ, మేడమ్. వెట్‌సూట్ నియోప్రిన్ రబ్బరుతో చేసేది, చలి నీళ్ళ కోసం. ఐరన్‌మ్యాన్ రేసుల్లో నీళ్ళు 24.5 డిగ్రీల వరకు ఉంటే వేసుకోవచ్చు. అది దాటి 28.8 వరకు వేసుకోనిస్తారు గానీ బహుమతుల లెక్కలోకి రావు. అంతకు మించితే అసలు వేసుకోకూడదు. గోవాకైనా, మలేషియాలోని లంకావికైనా దాని అవసరం రాదు. స్వీడన్‌లోని కల్మార్ లాంటి చోటికి వెళ్ళే రోజు వచ్చినప్పుడు కొందువుగాని. అప్పుడు కూడా లోపల ట్రైసూట్ ఉండాల్సిందే. ఒకటి గుర్తుంచుకో, వాజలైన్ నియోప్రిన్‌ను పాడుచేస్తుంది, మెడకు వేరే క్రీమ్ వాడాలి. ఇప్పుడు ఆ డబ్బుతో మంచి ట్రైసూట్, మంచి ఈత కళ్ళజోడు కొనుక్కో.

ప్రశ్న: మా ఊళ్ళో మగ్గాలున్నాయి, మంచి టైలర్లున్నారు. లైక్రా బట్ట తెచ్చి ట్రైసూట్ కుట్టించుకోవచ్చా?
— ఒక పాఠకుడు, నగరి

జవాబు: మీ ఊరి చేతి పని మీద నాకు చాలా గౌరవం. కానీ ఇది మగ్గం బట్టతో అయ్యే పని కాదు. ట్రైసూట్‌కు అల్లిక బట్ట కావాలి, నైలాన్‌లోనో పాలిస్టర్‌లోనో ఎలాస్టేన్ అనే సాగే దారం కలిపినది, నిలువుగా, అడ్డంగా రెండు వైపులా సాగేది. మామూలు కుట్టు మిషన్ వేసే కుట్టు సాగదు. బట్ట సాగి దారం సాగకపోతే మొదటిసారి సైకిలెక్కినప్పుడే పుటుక్కుమంటుంది. దీనికి ఫ్లాట్‌లాక్ మిషన్ ఉండాలి. అది రెండు అంచులనూ చదునుగా కలుపుతుంది, అందుకే చర్మానికి తగలదు. మీ టైలరు దగ్గర ఆ మిషన్ ఉంటే ముందు పరుగు నిక్కరు ఒకటి కుట్టించి చూడండి. జట్టంతా కలిసి ఒకే డిజైన్ కావాలంటే తిరుప్పూరు లాంటి అల్లిక బట్టల ఊళ్ళో విచారించండి. ప్యాడ్ మాత్రం రెడీమేడ్‌దే తెచ్చుకోవాలి. స్పాంజి ముక్క కోసి కుట్టే ఆలోచన వద్దు.

ప్రశ్న: కొత్త సూట్ కొద్ది నెలలకే వదులైంది. ఉతకడంలో తప్పా?
— ఒక పాఠకురాలు, శ్రీకాళహస్తి

జవాబు: రోజూ పూల్‌కు దాన్నే వేసుకుంటున్నారేమో చూసుకోండి. పూల్ నీళ్ళలోని క్లోరిన్ ఎలాస్టేన్ దారాన్ని తినేస్తుంది. ఈత అయిన వెంటనే, ఇంటికి వచ్చేదాకా ఆగకుండా, కుళాయి కింద మంచినీళ్ళతో ఝాడించండి. వేడినీళ్ళు, బ్లీచింగ్, బట్టలు మెత్తబడటానికి పోసే ద్రావకం, ఇస్త్రీ, ఇవేవీ దానికి తగలకూడదు. పిండకుండా తువ్వాలులో చుట్టి ఒత్తి, నీడలో ఆరేయండి, మిద్దె మీద మే నెల ఎండలో కాదు. కూర్చునే చోట బట్టను కిటికీ వెలుతురుకు పెట్టి చూడండి. అవతలి వేళ్ళు కనబడుతుంటే దాని పని అయిపోయినట్టే. కొత్తది కొన్నాక పూల్‌కు పాతదే వాడండి, కొత్తదాన్ని దూరం సైకిల్ తొక్కే రోజులకూ రేసుకూ ఉంచుకోండి.