టెక్ సందేహాలు: మీ డొమైన్ కొంటామని మెయిల్ వచ్చిందా?

ప్రశ్న: మాది కోచింగ్ సెంటర్. 2013లో సంస్థ పేరుతో డాట్‌కామ్ డొమైన్ తీసుకున్నాం. మెయిల్ ఐడీలన్నీ దాని మీదే ఉన్నాయి. ‘మా క్లయింట్‌కు మీ డొమైన్ కావాలి, ఎంతకిస్తారు’ అని ఈమధ్య జీమెయిల్ నుంచి రెండు లైన్ల మెయిల్ వచ్చింది. కంపెనీ పేరు లేదు. నమ్మొచ్చా? ఎంత అడగాలి?
– ద్వారకానగర్, విశాఖపట్నం

కంపెనీ పేరు చెప్పనంత మాత్రాన మోసం అనుకోనక్కర్లేదు. పెద్ద సంస్థ అడుగుతోందని తెలిస్తే రేటు పెరుగుతుంది కాబట్టి బ్రోకర్ చేతో, లాయరు చేతో అడిగించడం ఈ రంగంలో మామూలే. మొదటి మెయిల్ పొడిపొడిగా ఉండటమూ మామూలే. ఎవరు రాశారన్నదానికంటే, మీరు జవాబిచ్చాక ఏం అడుగుతారన్నది చూడండి. ‘మంచి రేటిస్తాం, ముందు ఫలానా సైట్ నుంచి వాల్యుయేషన్ సర్టిఫికెట్ తెప్పించండి’ అన్నారంటే అక్కడితో ఆపేయండి. ఆ సైటూ వాళ్లదే. సర్టిఫికెట్ ఫీజు కట్టగానే కొనేవాడు కనిపించడు. నిజంగా కొనేవాళ్లు మీ చేత ఏ ఫీజూ కట్టించరు. డబ్బు పంపుతాం, క్యూఆర్ స్కాన్ చేసి పిన్ కొట్టమంటే అదీ మోసమే. యూపీఐలో డబ్బు అందుకోవడానికి పిన్ అక్కర్లేదు. ఇప్పటికే డబ్బు పోగొట్టుకుని ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

జవాబిచ్చే ముందు రెండు పనులు. రిజిస్ట్రార్ (డొమైన్ అమ్మిన కంపెనీ) అకౌంట్‌లోకి వెళ్లి గడువు తేదీ చూడండి. దగ్గర్లో ఉంటే ఇవాళే రెన్యువల్ చేయించండి. గడువు దాటిన డాట్‌కామ్‌కు రిజిస్ట్రార్ ఇచ్చే కొన్నాళ్ల వెసులుబాటు, ఆపైన పేరును వెనక్కి తెచ్చుకునేందుకు 30 రోజుల రిడెంప్షన్ గడువు ఉంటాయి. ఆ తర్వాత 5 రోజులకు పేరు డిలీట్ అయిపోతుంది. కొందరు రిజిస్ట్రార్లు అంతవరకూ ఆగకుండా వేలానికి పెట్టేస్తారు. మీతో బేరమాడుతూనే ఆ తేదీ కోసం కాచుకునేవాళ్లుంటారు. రెండోది, అకౌంట్ ఎవరి పేరున ఉందో చూడండి. సైట్ కట్టిన డిజైనర్ తన అకౌంట్‌లోనే డొమైన్ కొని పెట్టిన కేసులు చాలా ఉంటాయి. అలాగైతే కొనేవాళ్లతో మాట్లాడే ముందే దాన్ని మీ అకౌంట్‌కు మార్పించుకోండి. కాకపోతే ఓనర్ వివరాలు మారిస్తే చాలామంది రిజిస్ట్రార్లు 60 రోజుల పాటు వేరే రిజిస్ట్రార్‌కు మార్చకుండా లాక్ వేస్తారు. ఆ లెక్క ముందే వేసుకోండి.

జవాబు ఇంత చాలు: ‘ఈ పేరును 2013 నుంచి మా సంస్థకు వాడుతున్నాం. అమ్మకానికి పెట్టలేదు. మీ ఆఫర్ ఎంతో, ఏ సంస్థ తరఫున అడుగుతున్నారో రాస్తే పరిశీలిస్తాం.’ అంకె మీరు ముందు చెప్పకండి. బేరం కోసమే కాదు. అదే పేరుకు ట్రేడ్‌మార్క్ ఉన్నవాళ్లు వివాదానికి దిగితే, మీరు రాసిన రేటును, లాభానికి అమ్మడానికే కొన్నారనడానికి రుజువుగా ఫిర్యాదుకు జతచేస్తారు. ట్రేడ్‌మార్క్ రిజిస్ట్రీ సైట్‌లోని పబ్లిక్ సెర్చ్‌లో మీ పేరు కొట్టి చూడండి. కోచింగ్ వంటి విద్యాసేవలు 41వ క్లాసు కిందికి వస్తాయి. వాళ్ల మార్కు మీ డొమైన్ కంటే తర్వాత పుట్టిందైతే మీ పక్షం బలంగా ఉన్నట్టే. పాత వెబ్‌పేజీల కాపీలు దాచే వేబ్యాక్ మెషీన్‌లో మీ సైట్ పాత పేజీలుంటే వాటిని సేవ్ చేసుకోండి.

రేటుకు ఫార్ములా లేదు. ఉచితంగా విలువ కట్టే సైట్ల అంకెల్ని పట్టించుకోకండి. ‘నేమ్‌బయో’ సైట్‌లో అలాంటి పేర్లు నిజంగా ఎంతకు అమ్ముడయ్యాయో చూడొచ్చు. ఊరి పేరు కలిసిన పొడుగాటి పేర్లకు మార్కెట్ తక్కువ. మీ బోర్డులు, పాంప్లెట్లు, మెయిల్ ఐడీలు మార్చడానికి అయ్యే ఖర్చు కట్టి చూసుకోండి. దానికి దిగువన అమ్మితే నష్టమే.

అమ్మకంలో చాలామంది మరిచిపోయే ప్రమాదం ఒకటుంది. పేరు చేతులు మారిన రోజు నుంచి ఆ డొమైన్ మెయిల్ ఐడీలన్నీ కొన్నవాళ్లవే. మీ బ్యాంకు, జీఎస్టీ పోర్టల్, ఇన్‌కమ్ ట్యాక్స్ అకౌంట్, గూగుల్ మ్యాప్స్‌లో మీ సంస్థ పేజీ వంటివి ఆ ఐడీ మీద ఉంటే, ‘పాస్‌వర్డ్ మర్చిపోయాను’ నొక్కగానే లింకు వాళ్ల ఇన్‌బాక్స్‌లో పడుతుంది. అందుకని ముందు అన్నిచోట్లా ఐడీ మార్చండి. పాత మెయిళ్లు డౌన్‌లోడ్ చేసుకోండి. గూగుల్ వర్క్‌స్పేస్ వాడుతుంటే అందులోంచి డొమైన్ తీసేయండి, లేకపోతే కొన్నవాళ్లు దాన్ని తమ అకౌంట్‌లో కలుపుకోలేరు. పేరు ఇచ్చాక కూడా మీ పాత ఐడీలకొచ్చే మెయిళ్లను 6 నెలలు ఫార్వర్డ్ చేయాలని ఒప్పందంలో రాయించండి.

డబ్బు ఎస్క్రో ద్వారానే తీసుకోండి. కొనేవాళ్లు ముందు ఎస్క్రో సంస్థకు కడతారు, మీరు పేరు మారుస్తారు, వాళ్లు అందిందన్నాక డబ్బు మీకొస్తుంది. వాళ్లు పంపిన లింకు నొక్కకండి, నకిలీ ఎస్క్రో సైట్లున్నాయి. అడ్రస్ మీరే టైప్ చేసి లాగిన్ అయి, డబ్బు జమైనట్టు అక్కడ కనిపించాకే డొమైన్ లాక్ తీసి, బదిలీకి కావాల్సిన ఆథ్ కోడ్ ఇవ్వండి. ఆ కోడ్ ఇచ్చారంటే తాళంచెవి ఇచ్చినట్టే. ఇద్దరికీ ఒకే రిజిస్ట్రార్ ఉంటే అకౌంట్ నుంచి అకౌంట్‌కు మార్పు వెంటనే అయిపోతుంది. వేరైతే 5 నుంచి 7 రోజులు పడుతుంది. వచ్చిన సొమ్ముపై పన్ను సంగతి అమ్మే ముందే మీ ఆడిటర్‌ను అడగండి.

ప్రశ్న: ‘మీ కంపెనీ పేరుతో డాట్ సీఎన్, డాట్ ఏషియా డొమైన్లకు ఒకరు అప్లై చేశారు, వెంటనే స్పందించండి’ అని చైనా రిజిస్ట్రేషన్ సంస్థ పేరుతో మెయిల్ వచ్చింది. ఏం చేయాలి?
– గాజువాక

ఏమీ చేయక్కర్లేదు. అప్లై చేసినవాళ్లెవరూ ఉండరు. భయపెట్టి, మీకు అవసరం లేని పేర్లను ఎక్కువ రేటుకు అంటగట్టే పాత ఎత్తు ఇది. రిజిస్ట్రార్లు పేరు అమ్మే ముందు ఇంకొకరి అనుమతి అడగరు. చైనాకు మీ సరుకు వెళ్తుంటే మాత్రం ఆ పేర్లను మీకు నచ్చిన రిజిస్ట్రార్ దగ్గర మామూలు రేటుకే కొనుక్కోవచ్చు.

ప్రశ్న: గూగుల్ విశాఖకు వస్తోంది కదా. ‘గూగుల్’, ‘వైజాగ్’ కలిపి నాలుగు డొమైన్లు కొన్నాను. కంపెనీకి మెయిల్ పెడితే కొంటుందా?
– మధురవాడ

కొనదు. విశాఖలో ఏఐ హబ్ పెడతామని, అయిదేళ్లలో 1,500 కోట్ల డాలర్లు పెడతామని గూగుల్ 2025 అక్టోబరులో ప్రకటించింది. పెట్టుబడి ఎంతైనా సొంత ట్రేడ్‌మార్క్‌ను వేరేవాళ్ల దగ్గర కొనాల్సిన అవసరం దానికి లేదు. డాట్‌కామ్ కొన్నప్పుడే యూడీఆర్‌పీ అనే వివాద పరిష్కార నియమాలకు మీరు ఒప్పుకున్నారు. దాని కింద వైపో (ప్రపంచ మేధోసంపత్తి సంస్థ) దగ్గర తీర్పు చెప్పే ఒక ప్యానలిస్టుతో, అయిదు పేర్ల దాకా ఫిర్యాదుకు కంపెనీ కట్టే ఫీజు 1,500 డాలర్లు. గెలిస్తే పేరు కంపెనీకి వెళ్లిపోతుంది, మీకు పైసా రాదు. డాట్ ఇన్ పేర్లకు, వాటిని నిర్వహించే నిక్సీ సంస్థ పెట్టిన ఇలాంటి నియమాలే ఐఎన్‌డీఆర్‌పీ పేరుతో ఉన్నాయి. మార్కు సొంతదారుకు లాభానికి అమ్మాలన్న ముఖ్య ఉద్దేశంతో కొన్నారని తేలితే దురుద్దేశానికి అదే రుజువు, మీరు పంపబోయే మెయిల్ ఆ రుజువును చేతికిచ్చినట్టవుతుంది. అందుకని మెయిల్ పెట్టొద్దు. ఆ పేర్ల మీద ‘ఫర్ సేల్’ పేజీ గానీ, యాడ్లు గానీ ఉంటే తీసేయండి. ఆటో రెన్యువల్ ఆపేసి గడువు తీరాక వదిలేయండి. డొమైన్ల మీదే ఆసక్తి ఉంటే ఎవరి మార్కూ లేని మామూలు మాటలతో పేర్లు వెతకండి, అవీ కొనేముందు ట్రేడ్‌మార్క్ సెర్చ్‌లో ఒకసారి చూసుకోండి.