గిటార్ ప్లేయర్ పాత సంచికలు ఇప్పుడు నేర్చుకునేవాళ్ళకు పనికొస్తాయా? ఆ పత్రిక చరిత్ర ఏమిటి?

మేనమామగారి అటక మీద 1980ల నాటి గిటార్ ప్లేయర్ అనే అమెరికన్ పత్రిక సంచికలు ఒక కట్ట దొరికాయని, ప్రింటు ఆగిపోయిన పత్రికను దాచుకోవడం దండగేమోనని అడిగారు. పారేయకండి. 1990ల మొదట్లో తిరుపతిలో డిగ్రీ చదువుతూ గిటార్ పట్టుకున్న నాకు సగం గురువు ఆ పత్రికే.

వీణ, వయొలిన్, మృదంగం నేర్చుకోవాలంటే మా ఊళ్ళో ఎస్వీ సంగీత కళాశాల ఉంది. గిటార్ సంగతికొస్తే, చర్చిలో వాయించే ఒక అన్న నాకు నాలుగు కార్డ్స్ (కలిపి మీటే స్వరాల గుంపులు) చూపించాడు, అంతే. ఆ తర్వాత ఏం చెయ్యాలో చెప్పేవాళ్ళు దొరకలేదు. ఒకసారి సప్తగిరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి మద్రాసు వెళ్ళినప్పుడు, మౌంట్ రోడ్డు ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల కుప్పలో ఈ పత్రికలు కనబడ్డాయి. తొమ్మిది సంచికలు. తిరుగు టికెట్టుకు డబ్బులు పక్కన పెట్టి, మిగిలినదంతా ఇచ్చేసి తెచ్చుకున్నాను.

ఇక చరిత్ర. 1967లో కాలిఫోర్నియాలోని శాన్‌హోసేలో బడ్ ఈస్ట్‌మన్ అనే ఆయన దీన్ని మొదలుపెట్టారు. మన పిల్లలు ఇప్పుడు సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలకు వెళ్ళే శాన్‌హోసే అదే. తర్వాత ఆఫీసు కూపర్టినోకు మారింది. ప్రపంచంలో మొదటి గిటార్ పత్రిక ఇదే అని కొందరు రాస్తుంటారు, అది నిజం కాదు. లండన్‌లో బాంజో, మాండొలిన్, గిటార్‌ల కోసం బి.ఎం.జి. అనే పత్రిక 1903లోనే వచ్చింది. న్యూయార్క్‌లో క్లాసికల్ గిటార్ వాళ్ళ గిటార్ రివ్యూ 1946 నాటిది. కానీ రాక్, బ్లూస్, జాజ్, కంట్రీ అని తేడా చూడకుండా వాయించేవాళ్ళందరినీ ఒకే చోట కూర్చోబెట్టింది మాత్రం గిటార్ ప్లేయరే. అదే 1967లో రోలింగ్ స్టోన్ అనే సంగీత పత్రిక కూడా మొదలైంది. అది స్టార్ల జీవితాల గురించి, రాజకీయాల గురించి రాసేది. ఇది ఏ తీగ వాడతావు, ప్లెక్ట్రమ్ (తీగ మీటే చిన్న బిళ్ళ) ఎలా పట్టుకుంటావు, రోజుకు ఎంతసేపు సాధన చేస్తావు అని అడిగేది. నాకు కావలసింది ఈ రెండోదే.

1970 నుంచి జిమ్ క్రాకెట్ చేతిలో పత్రిక బాగా పెరిగింది. కీబోర్డు వాళ్ళకు 1975లో ఒకటి, కరెంటు లేకుండా పలికే అకూస్టిక్ తీగవాద్యాల వాళ్ళకు 1979లో ఫ్రెట్స్ పేరుతో ఇంకొకటి, ఇలా వేరే పత్రికలు పెట్టేంత పెరిగింది. 1989లో అమ్ముడుపోయి, ఆ తర్వాత చేతులు మారుతూ 2018లో ఫ్యూచర్ అనే బ్రిటిష్ ప్రచురణ సంస్థకు చేరింది. 2024 డిసెంబరు సంచికతో ప్రింటు ఆగింది, వెబ్‌సైటు నడుస్తోంది. 1980లో మొదలైన గిటార్ వరల్డ్ కూడా ఇప్పుడు ఆ సంస్థదే.

ఈ పత్రిక ప్రాణమంతా ఇంటర్వ్యూల్లోనే ఉంది. 1978 వేసవిలో జాస్ ఒబ్రెక్ట్ అనే యువ సంపాదకుడు ఓక్లాండ్‌లో జరిగిన ఒక పెద్ద కచేరీకి వేరే గిటారిస్టు కోసం వెళ్ళాడు. ఆ ఇంటర్వ్యూ కుదరలేదు. స్టేజీ వెనక బాస్కెట్‌బాల్ ఆడుతుంటే ఒక కుర్రాడు వచ్చి కలిశాడు. ఆడాక మాటల్లో తేలింది, ఆ కుర్రాడు తర్వాత రాక్ గిటార్‌లో పెద్ద పేరైన ఎడ్డీ వాన్ హేలెన్ అని! అక్కడే కూర్చుని మాట్లాడిన ఆ మాటలు నవంబరు సంచికలో వచ్చాయి. ఒక పెద్ద పత్రికకు ఎడ్డీ ఇచ్చిన మొదటి ఇంటర్వ్యూ అది. అలాగే అందులో మైక్ వార్నీ అనే ఆయన నడిపిన శీర్షిక చూడండి. ఎవరైనా సరే తాము వాయించిన క్యాసెట్ పంపితే, బాగున్నవాళ్ళ గురించి రాసేవాడు. స్వీడన్ నుంచి క్యాసెట్ పంపిన ఇంగ్వీ మామ్‌స్టీన్, తర్వాత పేరుమోసిన రాక్ గిటారిస్టు, 1983 ఫిబ్రవరి సంచికలో కనబడింది అందులోనే. తిరుపతిలో గది తలుపులు వేసుకుని వాయించుకునే నాకు, ఎక్కడో మూలన ఉన్నవాడి క్యాసెట్ కూడా వింటారన్న ఆ ఒక్క సంగతి ఎంత ధైర్యమిచ్చిందో చెప్పలేను.

మా చిన్నమ్మ వీణ వాయించేది. డెబ్బైల నాటి ఒక సంచికలో ఇంగ్లీషు గిటారిస్టు జాన్ మెక్‌లాఫ్లిన్ మన కళాకారులతో కలిసి నడిపిన శక్తి బృందంలో వాడిన గిటార్ గురించి చదివి ఆమెకు చెప్పాను. ఆ గిటార్‌లో ఫ్రెట్ల (మెడ మీది లోహపు మెట్ల) మధ్య చెక్కను లోపలికి గుంటగా తవ్వేస్తారు. వేలు చెక్కకు తగలదు కాబట్టి తీగను లాగడం తేలిక. చిన్నమ్మ వీణ ఒళ్ళోకి తీసుకుని, మైనం మీద నిలబెట్టిన మెట్లు చూపించి, "ఇదే కదరా నాయనా, కింద ఖాళీ ఉంటేనే గమకం పలికేది" అంది. ఎడమచేతి వేలితో తీగను పక్కకు లాగి, ఒకే మెట్టు మీద మూడు స్వరాలు పలికించింది. గిటార్‌లో బెండింగ్ అంటే ఏమిటో నా చెవికి తెలిసింది ఆ రోజే. అప్పటిదాకా బలంగా నొక్కితే చాలనుకుని వేళ్ళు పుండ్లు చేసుకున్నాను.

మీరు ఎలా చదవాలంటే, గిటార్ల ప్రకటనలు, ఆంప్లిఫయర్ల సమీక్షలు వదిలేయండి, వాటికి కాలం చెల్లింది. ఇంటర్వ్యూలు, పాఠాల శీర్షికలు గిటార్ ఒళ్ళో పెట్టుకుని చదవండి. కొన్ని పాఠాలకు వెస్టర్న్ నొటేషన్, అంటే పాశ్చాత్య స్వరలిపి, రావాలి. ట్యాబ్ (తీగల గీతల మీద ఫ్రెట్ల అంకెలు వేసి రాసేది) వేలు ఎక్కడ పెట్టాలో చెబుతుంది, స్వరం ఎంతసేపు నిలవాలో మాత్రం నొటేషనే సరిగ్గా చెబుతుంది. అందుకని నెల రోజులు కూర్చుని నొటేషన్ నేర్చుకోండి. నేను ఆలస్యంగా నేర్చుకున్నాను, ఆ లోపు పోయిన రెండేళ్ళు ఇప్పటికీ బాధగానే ఉంటాయి.

ఇంకో మాట. 1984 చివరి నుంచి వచ్చిన కొన్ని సంచికల మధ్యలో పలుచని ప్లాస్టిక్ షీటు ఉంటుంది. అది రికార్డు! సౌండ్‌పేజ్ అనేవాళ్ళు. 1984 అక్టోబరు సంచికలో రాక్ గిటారిస్టు స్టీవ్ వై వాయించింది ఉంది. మీ కట్టలో అది ఉంటే గబుక్కున లాగకండి, మడత పడితే ఇక పలకదు. చిల్లుల గీత వెంబడి మెల్లగా విడదీసి, రికార్డు ప్లేయర్ మీద పరిచి, జారకుండా మధ్య లేబుల్ మీద ఒక రూపాయి బిళ్ళ పెట్టండి. 33 స్పీడులో తిప్పండి.