మొదటి ఏడాది మీ క్లాసులో వెనక బెంచీ మీద ఎవరు కూర్చుంటారు?

ప్రశ్న: నాకు 26 ఏళ్లు. మాది హనుమకొండ. ఎంఏ ఇంగ్లీష్, బీఈడీ చేశాను. మూడేళ్లుగా ఒక ప్రైవేటు స్కూల్లో చెబుతున్నాను, జీతం 16 వేలు. విదేశాల్లో ఇంగ్లీష్ టీచరుగా చేయాలని చాలా కోరిక. షార్జాలో ఉన్న మా బాబాయి అక్కడి సీబీఎస్‌ఈ స్కూల్లో ఉద్యోగం చూస్తానంటున్నాడు. నాన్న అక్కడికైతేనే పంపుతానంటున్నారు. వియత్నాంలోని హనోయ్‌లో పనిచేస్తున్న నా స్నేహితురాలు టూరిస్ట్ వీసా మీద వచ్చేయ్, తర్వాత మార్చుకోవచ్చు అంటోంది. అమీర్‌పేటలో ఒక ఏజెంట్ మూడు లక్షలిస్తే దక్షిణ కొరియా పంపిస్తానని నా ఒరిజినల్ సర్టిఫికెట్లు తీసుకున్నాడు. అమ్మేమో వచ్చే మాఘంలో పెళ్లి చేసేద్దామంటోంది. నాకు చిన్నపిల్లల చేత ఇంగ్లీష్ మాట్లాడించడమంటే ఇష్టం. ఏ దేశం ఎంచుకోవాలో తేలక టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. అమ్మ గాజులు కుదువ పెట్టి ఏజెంట్‌కు డబ్బు కట్టేద్దామా అని కూడా అనిపిస్తోంది. ఏం చేయమంటారు?
– ఒక సోదరి, హనుమకొండ

జవాబు: అమ్మా, గాజులు బీరువాలోనే ఉండనివ్వండి. ఏజెంట్‌కు ఒక్క రూపాయి కూడా కట్టకండి.

ఎందుకంటే, కొరియాలో ఇంగ్లీష్ నేర్పేవాళ్లకు ఇచ్చే ఈ-2 వీసా మామూలుగా అమెరికా, బ్రిటన్, కెనడా, ఐర్లాండ్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, దక్షిణాఫ్రికా పౌరులకే. మీరు ఎంత చక్కగా మాట్లాడినా అక్కడ ముందు చూసేది పాస్‌పోర్టు. 2010లో అమల్లోకి వచ్చిన భారత్-కొరియా ఒప్పందం వల్ల టీచర్ అర్హత ఉన్న మనవాళ్లు బడుల్లో సహాయ టీచరుగా చేరే వీలు ఒకటుంది. కానీ అది సన్నటి దారి. మూడు లక్షలు పుచ్చుకుని "గ్యారంటీ" అనే మనిషి చేతిలో ఉండేది కాదు. పైగా మన దేశంలో విదేశీ ఉద్యోగాలకు మనుషుల్ని పంపే ఏజెంట్ ప్రభుత్వం దగ్గర రిజిస్టర్ అయి ఉండాలి. అతను తీసుకోదగ్గ సర్వీస్ చార్జీ 30 వేలు, దాని మీద జీఎస్టీ. అంతకు మించకూడదు. కేంద్ర ప్రభుత్వం వారి ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో అతని సంస్థ పేరు ఉందో లేదో పది నిమిషాల్లో చూసుకోవచ్చు. ఈ పని ఇవాళే చేయండి.

ఇక మీ అసలు ప్రశ్న. మీరు ఏ దేశం అని అడిగారు. నేనైతే ఏ స్కూలు అని అడుగుతాను. అది కూడా జీతం గురించి కాదు. మొదటి ఏడాది మీ క్లాసులోకి వచ్చి, వెనక కూర్చుని, మీ పాఠం చూసి తప్పొప్పులు చెప్పే పెద్ద టీచర్ ఎవరైనా అక్కడ ఉన్నారా అని.

నేను ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. కౌన్సెలింగ్‌లోకి రాకముందు నేనూ ఇంగ్లీష్ టీచర్నే. మీ వయసులో మాల్దీవులు వెళ్లాను. నన్ను పంపిన ఏజెంట్ మాలే నగరంలో ఉద్యోగమన్నాడు. తీరా దిగాక రాత్రంతా పడవలో కూర్చోబెట్టి, ఈ చివరి నుంచి ఆ చివరికి పదిహేను నిమిషాల్లో నడిచి వెళ్లగలిగే ఒక దీవిలో దింపారు. మొదటి వారం రోజూ ఏడ్చాను. జీతం అక్కడి రుఫియాల్లో వచ్చేది. దాన్ని డాలర్లు చేసి ఇంటికి పంపడం ఇంకో తలనొప్పి. జీతం ఏ కరెన్సీలో ఇస్తారు, ఇంటికి ఎంత పంపనిస్తారు అని వెళ్లేముందు అడగాలన్న సంగతే నాకు తెలియదు. మీరు అడగండి.

అయితే ఆ దీవిలో నాకొక అదృష్టం దొరికింది. మా ఇంగ్లీష్ విభాగానికి పెద్ద ఒక శ్రీలంక ఆవిడ. ప్రతి బుధవారం నా క్లాసులో కిటికీ పక్క బెంచీ మీద కూర్చునేవారు. ఒళ్లో చిన్న నోటుపుస్తకం. మొదటి బుధవారం క్లాసయ్యాక ఆ పుస్తకం నా ముందు పెట్టారు. అందులో రెండే అంకెలున్నాయి. పైన 35, కింద 29. "పీరియడ్ ముప్పై అయిదు నిమిషాలు. అందులో ఇరవై తొమ్మిది నిమిషాలు నువ్వే మాట్లాడావు. మరి పిల్లలకు ఇంగ్లీష్ ఎలా వస్తుంది?" అన్నారు. నాకు తల కొట్టేసినట్టయింది. అప్పటిదాకా నేను బాగా మాట్లాడితే బాగా చెప్పినట్టే అనుకున్నాను. ఏడాది చివరికి ఆ కింది అంకె 12కి దిగింది. నేను టీచర్నైంది ఆ ఏడాదే. ఆ ఆవిడ లేకపోతే తర్వాత ఏ పెద్ద నగరంలో ఏ పెద్ద జీతానికి చేసినా అదే తప్పు పదేళ్లు చేసేదాన్ని.

అందుకే మీ ఉత్తరంలో నాకు బాగా నచ్చిన వాక్యం, చిన్నపిల్లల చేత ఇంగ్లీష్ మాట్లాడించడం ఇష్టం అన్నది. ఒక తేడా గమనించండి. షార్జాలోని సీబీఎస్‌ఈ స్కూల్లో మీరు చెప్పబోయేది ఇంగ్లీష్ సబ్జెక్టు. పాఠాలు, పద్యాలు, వ్యాకరణం, పరీక్ష పేపర్లు. పిల్లలకు భాష ముందే వచ్చి ఉంటుంది. ఇప్పుడు హనుమకొండలో చేస్తున్నది కూడా ఇంచుమించు అదే. హనోయ్‌లో అయితే ఇంగ్లీష్ ముక్క రాని ఆరేళ్ల పిల్లాడి నోటి వెంట మొదటి మాట పలికించాలి. ఇది వేరే విద్య. బీఈడీలో దీన్ని పెద్దగా నేర్పరు.

మీ మనసు రెండోదాని మీద ఉందని నాకు అర్థమవుతోంది. కాబట్టి మీ స్నేహితురాలు చూపించిన ఊరు తప్పు కాదు, వెళ్లమన్న పద్ధతే తప్పు. వియత్నాంలో టీచరుగా చేయాలంటే వర్క్ పర్మిట్ ఉండాలి. దానికి డిగ్రీ, బోధనా సర్టిఫికెట్, పోలీస్ క్లియరెన్స్, వైద్య పరీక్ష కావాలి, ధ్రువీకరణలతో సహా. టూరిస్ట్ వీసా మీద వెళ్లి క్లాసులు చెబితే జీతం ఆపినా, దురుసుగా మాట్లాడినా మీరు ఎవరికీ ఫిర్యాదు చేయలేరు. తప్పు మీవైపే ఉంటుంది. 2024లో విశాఖ పోలీసులు బయటపెట్టిన కంబోడియా కేసు మీరూ చదివే ఉంటారు. కంప్యూటర్ ఉద్యోగాలని నమ్మి వెళ్లిన మన పిల్లల చేత సైబర్ మోసాలు చేయించారు. మీ స్నేహితురాలు అలాంటి మనిషని నేను అనడం లేదు. కాగితం లేకుండా దేశం దాటిన మనిషికి పట్టు ఉండదని చెబుతున్నానంతే.

ఇంకో విషయం మనసు గట్టి చేసుకుని వినండి. అక్కడి ప్రకటనల్లో "నేటివ్ స్పీకర్లు మాత్రమే" అని చాలాచోట్ల రాస్తారు. అదే పనికి తెల్లవాళ్లకు ఎక్కువ, మనకు తక్కువ ఇచ్చే చోట్లూ ఉన్నాయి. ఇది అన్యాయం. మీ భాషలో లోపం ఉందని మాత్రం అనుకోకండి. దీనికి మీ చేతిలో ఉన్న మందు మంచి శిక్షణ. ఇంగ్లీష్ ఎలా బోధించాలో నేర్పే కేంబ్రిడ్జ్ వాళ్ల సెల్టా కోర్సు ఉంది. 120 గంటల కోర్సులో కనీసం ఆరు గంటలు నిజమైన విద్యార్థులకు పాఠం చెప్పించి, పక్కన కూర్చుని చూస్తారు. ఖర్చు లక్ష పైమాటే. హైదరాబాద్‌లో మన ఇఫ్లూలో (ఇంగ్లీష్, విదేశీ భాషల విశ్వవిద్యాలయం) ఇంగ్లీష్ బోధనలో పీజీ డిప్లొమా కూడా ఉంది. ఆన్‌లైన్‌లో కొన్ని వేలకు దొరికే సర్టిఫికెట్‌లో ఒక్క పిల్లాడి ముందు కూడా నిలబడనవసరం లేదు. ఆ తేడా ఇంటర్వ్యూ చేసేవాళ్లకు తెలుస్తుంది. మూడు లక్షలు ఖర్చు పెట్టడానికి సిద్ధపడినవారు, అందులో సగం లోపు మీ మీద మీరు పెట్టుకోండి.

స్కూలు ఏ దేశంలోదైనా వీడియో కాల్‌లో కొన్ని మాటలు అడగాల్సిందే. నా టైంటేబుల్ ఒకసారి చూపిస్తారా? భాషా కేంద్రాల్లో క్లాసులు ఎక్కువగా సాయంత్రాలు, శని ఆదివారాలే ఉంటాయి. అది మీ ఒంటికి సరిపడుతుందా చూసుకోవాలి. కొత్త టీచర్ల క్లాసు ఎవరు చూస్తారు, నెలకెన్నిసార్లు? ఇప్పుడు మీ దగ్గర పనిచేస్తున్న భారతీయ టీచర్‌తో ఒక్కసారి మాట్లాడించగలరా? ఈ చివరి ప్రశ్నకు ఎవరైనా నసిగితే ఆ స్కూలు వదిలేయండి.

మరి షార్జా? దాన్ని చిన్నచూపు చూడకండి. మీ బీఈడీకి అక్కడ విలువుంది. జీతం మీద ఆదాయపన్ను లేదు. ఉద్యోగంలో పెట్టుకున్నందుకు మీ దగ్గర డబ్బు వసూలు చేయకూడదని, మీ పాస్‌పోర్టు దగ్గర పెట్టుకోకూడదని అక్కడి చట్టమే చెబుతుంది. ఒక గడువు పెట్టుకోండి. ముందు శిక్షణ పూర్తి చేసి, ఆ తర్వాత ఆరు నెలల్లో వర్క్ పర్మిట్ కాగితాలు చేతికిచ్చే వియత్నాం స్కూలు దొరికితే అక్కడికి, లేకపోతే షార్జాకు. అక్కడికి వెళ్లినా మొదటి నెల మాత్రమే బాబాయి ఇంట్లో ఉండి, తర్వాత తోటి టీచర్లతో గది తీసుకోండి. చుట్టాల ఇంట్లో ఉంటే అద్దె మిగులుతుంది. కానీ స్కూల్లో కష్టమొచ్చినా మారలేరు. బాబాయి మాట పోతుందని నోరు నొక్కుకుని ఉండిపోతారు. ఇలాంటి ఉత్తరాలు నాకు చాలా వస్తాయి.

నాన్నగారు "షార్జా అయితేనే" అన్నది మొండితనంతో కాదని నాకనిపిస్తోంది. ఆయనకు తెలిసిన మనిషి ఉన్న ఒకే ఒక్క చోటు అది. హనోయ్ గురించి మీరు ఆయనకు స్నేహితురాలి మాటలు తప్ప ఏం చూపించారు? స్కూలు చిరునామా, కాంట్రాక్టు, ఉండే గది, అక్కడి మన రాయబార కార్యాలయం ఫోన్ నంబరు ఒక కాగితం మీద రాసి ఆయన ముందు పెట్టండి. స్కూలు వాళ్లతో వీడియో కాల్‌లో ఆయన్నీ కూర్చోబెట్టండి. ఇంగ్లీష్ రాకపోయినా మనుషుల ముఖాలు చదవడం తండ్రులకు తెలుసు. అమ్మతో పెళ్లి వద్దని వాదించకండి. ఒక కాంట్రాక్టు, ఒక ఏడాది అడగండి. ఆ ఏడాదిలో సంబంధాలు చూడొద్దని కూడా అనకండి. అబ్బాయికి మీ ఉద్యోగం సంగతి ముందే చెప్పమనండి, చాలు.

వీటన్నిటికంటే ముందు చేయాల్సిన పని ఒకటుంది. షార్జాకైనా హనోయ్‌కైనా ధ్రువీకరణ ముద్రలు వేయించాల్సింది మీ ఒరిజినల్ సర్టిఫికెట్ల మీదే. అవి ఇప్పుడు ఆ ఏజెంట్ బీరువాలో ఉన్నాయి. అతనికిచ్చిన సంగతి నాన్నగారికి చెప్పలేదని మీ ఉత్తరం చూస్తే అనిపిస్తోంది. ఈ రాత్రి చెప్పేయండి. కోప్పడతారు, పడనివ్వండి. సోమవారం పొద్దున ఇద్దరూ కలిసి అమీర్‌పేట వెళ్లండి. డబ్బు కడితేనే ఇస్తానంటే వాదనకు దిగకుండా నేరుగా దగ్గర్లోని పోలీస్ స్టేషన్‌కు వెళ్లి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. సర్టిఫికెట్లు చేతికొచ్చాక నాకు మళ్లీ రాయండి. స్కూలు కాంట్రాక్టు వచ్చాక ఇద్దరం కలిసి చదువుదాం.